పుట్టిన నెలకో పువ్వు: ఈ జాబితా ఎక్కడ పూసింది?

మా అక్క కూతురు పుట్టింది డిసెంబరు 20న. ఈ ఏడు పుట్టినరోజుకు వెండి లాకెట్టు కొనిద్దామని, దాని మీద తన నెల పువ్వు చెక్కించాలని, ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఫోనులో వెతికాం. మొదట తెరిచిన దుకాణం డిసెంబరుకు ముళ్ల ఆకులు, ఎర్రటి పళ్లు ఉన్న హాలీ కొమ్మను చూపించింది. రెండోది తెల్లని నార్సిసస్ పువ్వును చూపించింది. మూడోచోట ఎర్రటి పాయిన్‌సెట్టియా. "ఇంతకీ నాది ఏది పిన్నీ?" అని అడిగింది.

మూడూ తన పువ్వులే. కానీ ఆ మాట నమ్మకంగా చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఈ మధ్య లాకెట్ల మీద, పచ్చబొట్లలో, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో పువ్వు చొప్పున గీయించి గోడకు తగిలించే బొమ్మల్లో ఈ నెలపూలు విరివిగా కనిపిస్తున్నాయి. వాటి వెంట ఒకదానికొకటి పొసగని అర్థాలు, పెంపకం సలహాలు కూడా వస్తున్నాయి. ఎందుకు పొసగడం లేదో తెలియాలంటే ఈ జాబితా ఏ నేల మీద తయారైందో చూడాలి.

## పన్నెండు నెలలు, ఇరవై పైచిలుకు పూలు

జన్మరత్నం లాంటిదే జన్మమాస పుష్పం కూడా. ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారం మనం పుట్టిన నెలకు ఏ పువ్వు కేటాయించారో అది మన పువ్వు. ఎక్కువగా కనిపించే జాబితా ఇలా ఉంటుంది: జనవరికి కార్నేషన్, స్నోడ్రాప్. ఫిబ్రవరికి వయొలెట్, ప్రిమ్‌రోజ్. మార్చికి డాఫొడిల్. ఏప్రిల్‌కు డెయిజీ, స్వీట్ పీ. మే నెలకు లిల్లీ ఆఫ్ ద వ్యాలీ, హాథార్న్. జూన్‌కు గులాబి, హనీసకిల్. జులైకి లార్క్‌స్పర్, కలువ. ఆగస్టుకు గ్లాడియోలస్, పాపీ. సెప్టెంబరుకు ఆస్టర్, మార్నింగ్ గ్లోరీ. అక్టోబరుకు మేరిగోల్డ్, కాస్మాస్. నవంబరుకు చామంతి. డిసెంబరుకు నార్సిసస్, హాలీ. అమెరికాలో పాయిన్‌సెట్టియాను కూడా కలుపుతారు.

రత్నాలకూ పూలకూ ఒక తేడా ఉంది. ఏ నెలకు ఏ రాయి అన్నది 1912లో అమెరికాలోని కాన్సస్‌లో నగల వ్యాపారుల సంఘం కూర్చుని ఖాయం చేసింది. పూల విషయంలో అలాంటి తీర్మానం జరగలేదు. అందుకే పుస్తకాన్ని బట్టి, దుకాణాన్ని బట్టి, దేశాన్ని బట్టి పూలు మారుతుంటాయి. తప్పొప్పులు తేల్చే అధికారం ఎవరికీ లేదు.

అయినా జాబితాను నెలల వరుసలో చదివితే ఒక ఊరు కళ్లముందు కనిపిస్తుంది. జనవరిలో మంచును చీల్చుకుని తలవంచి పూసే చిన్న తెల్ల పువ్వు స్నోడ్రాప్. చలి తగ్గుతుండగా ప్రిమ్‌రోజ్. మార్చి 1న తమ పునీతుడు డేవిడ్ పండుగనాడు వేల్స్ ప్రజలు చొక్కాకు గుచ్చుకునేది డాఫొడిల్. మే నెలలో కంచెల మీద తెల్లగా పూసే హాథార్న్‌ను బ్రిటన్ పల్లెల్లో 'మే' అనే పిలుస్తారు. జూన్‌లో గులాబీలు, చలి మళ్లీ ముదిరే నవంబరులో చామంతి. ఎక్కువ భాగం ఇది బ్రిటన్ తోటల ఏడాది లెక్క. అక్కడ ఏ నెలలో కిటికీ తెరిస్తే ఏ పువ్వు కనిపిస్తుందో, అదే ఆ నెల బిడ్డకు దక్కింది.

ఇది గుర్తుపెట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది. సిడ్నీలో ఉన్న తెలుగు కుటుంబంలో జనవరిలో పాప పుడితే అక్కడ అది నడి వేసవి. స్నోడ్రాప్ ఊసే ఉండదు. హైదరాబాదులోనో విజయవాడలోనో జనవరిలో చలి ఉంటుంది గానీ స్నోడ్రాప్‌ను పూయించేంత చలి కాదు.

## రోమన్ల కాలం నాటిదన్న మాటలో నిజమెంత?

నెలపూల సంప్రదాయం ప్రాచీన రోము నుంచి వచ్చిందని చాలాచోట్ల రాస్తారు. రోమన్లు పుట్టినరోజులు చేసుకున్నారు, పూలదండలు వాడారు. అంతవరకు సరే. ఇప్పటి జాబితాను మాత్రం ఆ కాలానికి అంటగట్టలేం. పూల ప్రయాణాలే అందుకు సాక్ష్యం.

నవంబరు పువ్వు చామంతి చైనా, జపాన్ తోటల్లో వందల ఏళ్లు పెరిగి, ఐరోపాలో నిలదొక్కుకున్నది 18వ శతాబ్దం చివర్లో. అక్టోబరు కాస్మాస్ సొంత ఊరు మెక్సికో. ఏప్రిల్ స్వీట్ పీ గింజలను సిసిలీలోని ఫ్రాన్సెస్కో కుపానీ అనే సన్యాసి ఇంగ్లండుకు పంపింది 1699లో. డిసెంబరు పాయిన్‌సెట్టియాకు ఆ పేరు మెక్సికోలో అమెరికా రాయబారిగా పనిచేసిన జోయెల్ పాయిన్‌సెట్ వల్ల వచ్చింది. ఆయన 1820లలో ఆ మొక్కను తన దేశానికి పంపాడు. చామంతి, కాస్మాస్, పాయిన్‌సెట్టియా మూడూ రోమన్ తోటమాలి జాబితాలో ఉండే వీలు లేదు. మొత్తంగా చూస్తే ఇది 19వ శతాబ్దపు అభిరుచులతో కుదురుకున్న జాబితా.

నెలకో పువ్వు అనే ఆలోచన మాత్రం ఒక్క ఐరోపాదే కాదు. జపాన్‌లో హనఫుడా అనే పేకముక్కల ఆట ఉంది. అందులో పన్నెండు నెలలకు పన్నెండు మొక్కలు: ఫిబ్రవరికి ప్లమ్ పూత, మార్చికి చెర్రీ, సెప్టెంబరుకు చామంతి, డిసెంబరుకు పౌలోనియా. చైనాలో చాంద్రమాసాలకు పన్నెండుగురు పుష్పదేవతల కథలున్నాయి. ఎవరి రుతువులు వారివి, ఎవరి పూలు వారివి.

## అర్థాలు పువ్వులో ఉన్నాయా, పుస్తకంలో ఉన్నాయా?

నెలపూల పక్కన రాసే ప్రేమ, విశ్వాసం, ఆశ లాంటి మాటలు 'పూల భాష' అనే మరో పాయ నుంచి వచ్చి కలిశాయి. దాని మొదలు ఆసక్తికరంగా ఉంటుంది. 1717, 1718లలో మేరీ వర్ట్‌లీ మాంటెగ్యూ అనే ఇంగ్లీషు రాయబారి భార్య ఇస్తాంబుల్‌లో ఉంటూ ఇంటికి ఉత్తరాలు రాసింది. మాటకు బదులు వస్తువులు పంపి భావం చెప్పే 'సెలామ్' అనే ఆట గురించి అందులో వివరించింది. ఆట కిటుకు ప్రాసలో ఉంది. టర్కీ భాషలో బేరిపండు 'అర్ముత్', ఆశ 'ఉముత్'. పండు పంపితే 'నాకు కాస్త ఆశ చూపించు' అని అడిగినట్టు. ప్రాస కుదరడమే అర్థానికి ఆధారం. పండు గుణంతో పనిలేదు. పద్యం తెలిసిన మన వాళ్లకు ఇది వెంటనే అందుతుంది.

ఆ ఉత్తరాలు 1763లో అచ్చయ్యాయి. ఐరోపా పాఠకులు ప్రాసను వదిలేసి 'పువ్వుకో అర్థం' అన్న ముక్కను పట్టుకున్నారు. 1819లో పారిస్‌లో షార్లెట్ ద లతూర్ అనే కలం పేరుతో పూల భాష మీద వచ్చిన పుస్తకం ఆ మోజును ఇంటింటికీ చేర్చింది. తరువాత విక్టోరియా రాణి కాలమంతా ఇలాంటి నిఘంటువులే. ఒక పుస్తకం చెప్పినది మరో పుస్తకం చెప్పదు.

ఒక పువ్వును దగ్గరగా చూద్దాం. అక్టోబరు మేరిగోల్డ్ తీసుకోండి. ఇప్పటి జాబితాలు దీనికి వెచ్చదనం, సృజన అని రాస్తున్నాయి. ఇంగ్లండులో 1884లో కేట్ గ్రీనవే బొమ్మలతో వచ్చిన ప్రసిద్ధ పూల నిఘంటువులో మేరిగోల్డ్‌కు ఇచ్చిన అర్థం శోకం. అదే పుస్తకంలో ఫ్రెంచ్ మేరిగోల్డ్ అంటే అసూయ, ఆఫ్రికన్ మేరిగోల్డ్ అంటే మొరటు మనసులు. ఆ ఆఫ్రికన్ మేరిగోల్డే మన బంతిపువ్వు! దసరాకు గుమ్మానికి కట్టేది, పెళ్లి పందిరికి వేలాడదీసేది, సంక్రాంతి ముగ్గులో గొబ్బెమ్మ మీద పెట్టేది అదే. పైగా అది ఆఫ్రికాది కాదు, మెక్సికోది. అక్కడ పితృదేవతల పండుగలో చనిపోయినవారికి దారి చూపడానికి దాని రేకులు పరుస్తారు. ఒకే పువ్వు ఒకచోట మంగళం, ఒకచోట మృతుల దారి, ఒకచోట మోటుతనం. పువ్వు మాత్రం మూడుచోట్లా అదే ఘాటైన వాసనతో, అదే పసుపుతో ఉంది.

చామంతి కూడా అంతే. ఫ్రాన్స్‌లో నవంబరు 1 పండుగకు సమాధుల మీద పెట్టే పువ్వు కనుక అక్కడ ఎవరింటికైనా చామంతులు పట్టుకెళ్లడం బాగుండదు. జపాన్‌లో చక్రవర్తి ముద్ర పదహారు రేకుల చామంతి.

కొన్నిటి వెనుక మాత్రం నిఘంటువు కంటే గట్టి కారణం ఉంటుంది. మే నెల పువ్వు హాథార్న్‌ను బ్రిటన్ పల్లెల్లో ఇంట్లోకి తేనివ్వరు, తెస్తే చావు కబురు వింటామని భయం. ఆ పూత వాసనలో ట్రైమిథైలమీన్ అనే పదార్థం ఉంటుంది. కుళ్లుతున్న మాంసంలోనూ అదే పుడుతుంది. భయం ముక్కు నుంచి వచ్చిందన్నమాట. మన మొగలి పువ్వు ఎంత పరిమళించినా శివపూజకు పనికిరాదు. దానికి కారణం వాసన కాదు, బ్రహ్మ తరఫున అబద్ధపు సాక్ష్యం చెప్పిందన్న పురాణ కథ.

## పేరు తెలుగులోకి వచ్చేసరికి

తెలుగులో ఈ జాబితా చదివేవారిని ఎక్కువగా తికమకపెట్టేది అనువాదం. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఉత్త 'మేరిగోల్డ్' అంటే మన నర్సరీల్లో కాలెండులా పేరుతో అమ్మే శీతాకాలపు మొక్క. దాని రేకులను ఐరోపాలో సూపుల్లో రంగు కోసం వాడేవారు. 'మేరిగోల్డ్ రేకులు తినవచ్చు' అని చదివి దండ కోసం కొన్న బంతిపూలను వంటలో వేస్తే చేదుతోపాటు మందుల అవశేషాలు కూడా కడుపులోకి వెళ్లవచ్చు, ఎందుకంటే పూజకు, అలంకరణకు పెంచే పూల మీద ఏం చల్లారో చూసేవారుండరు.

జులైకి 'వాటర్ లిల్లీ' అని ఉంటే కొందరు తామర బొమ్మ గీయిస్తున్నారు. మన కవులు ఈ రెంటినీ ఎప్పుడూ కలపలేదు: తామర సూర్యుడికి విచ్చుకుంటుంది, కలువ చంద్రుడికి. పగలు పూసే కలువలు కూడా ఉన్నాయి గనుక ఆకును చూడడం మేలు. కలువ ఆకు నీటి మీద పడుకుని ఉంటుంది, ఒకవైపు కోసినట్టు చీలిక ఉంటుంది. తామరాకు గుండ్రంగా, చీలిక లేకుండా, ముదిరితే నీటి మీదికి లేచి నిలబడుతుంది. జులై బిడ్డది కలువ.

ఆగస్టు పాపీ సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. బొమ్మల్లో కనిపించే ఎర్రటిది ఐరోపా పొలాల్లో కలుపుగా పెరిగే పాపీ. మొదటి ప్రపంచయుద్ధం తరువాత అమరసైనికుల గుర్తుగా నవంబరు 11న గుండెకు పెట్టుకునేది అదే. మన గసగసాలు వచ్చేది నల్లమందు పాపీ నుంచి. లైసెన్సు లేకుండా దాన్ని కుండీలో పెంచినా నేరమే.

## పువ్వుకు నెల ఎలా తెలుస్తుంది?

కిందటేడు మా బాల్కనీలో రెండు చామంతి కుండీలు పెట్టాను. ఒకే నర్సరీ, ఒకే రకం, ఒకే మట్టి. నవంబరు వచ్చేసరికి గోడ చాటున ఉన్నది మొగ్గలతో నిండిపోయింది. రోడ్డు వైపు ఉన్నది మోకాలెత్తు పెరిగి ముదురాకుపచ్చగా నిగనిగలాడుతోంది గానీ ఒక్క మొగ్గ లేదు. ఎరువు ఎక్కువైందేమో అనుకున్నాను. ఒక రాత్రి మంచినీళ్లకు లేచినప్పుడు చూస్తే వీధి దీపం వెలుతురు సరిగ్గా ఆ కుండీ మీద పడుతోంది, ఆకుల నీడలు గోడ మీద స్పష్టంగా కనిపిస్తున్నాయి. కుండీని లోపలివైపుకు జరిపాను. నాలుగు వారాలకు కొమ్మల చివర బఠాణీ గింజంత మొగ్గలు వచ్చాయి.

చామంతి రాత్రి పొడవును కొలుస్తుంది. చీకటి ఇన్ని గంటలపాటు ఎడతెగకుండా ఉంటేనే మొగ్గ వేస్తుంది. మధ్యలో వెలుతురు పడితే ఆ లెక్క చెడుతుంది. పగలూ రాత్రీ నిడివిని బట్టి మొక్కలు పూస్తాయని 1920లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ పొగాకు మొక్కల మీద నిరూపించారు. బెంగళూరు చుట్టుపక్కల చామంతి తోటల్లో రాత్రిపూట బల్బులు వెలగడం చూసే ఉంటారు. మొక్క తగినంత పెరిగేదాకా పూతను ఆపడానికి రైతులు చేసే ఏర్పాటు అది. పాయిన్‌సెట్టియాకు కూడా ఇదే గడియారం.

డాఫొడిల్ గడియారం వేరు. అది చలిని లెక్కపెడుతుంది. దాని దుంప సుమారు పన్నెండు నుంచి పదహారు వారాలు 9 డిగ్రీల లోపు చలిలో ఉంటే తప్ప కాడ పైకి లేవదు. మన మైదానాల్లో అంత చలి దొరకదు కాబట్టి కొందరు దుంపలను ఫ్రిజ్‌లో పెట్టి మోసగిస్తారు. పక్కనే పండిన అరటిపళ్లో మామిడిపళ్లో ఉంటే ఆ ప్రయత్నం వృథా. పండ్ల నుంచి వెలువడే ఎథిలీన్ వాయువు దుంపలోని పూమొగ్గను చంపేస్తుంది.

మల్లెది మూడో రకం. మన మల్లె రైతులు చలికాలంలో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, మొక్కకు విశ్రాంతినిస్తారు. ఎండ ముదిరే కొద్దీ కొత్త చిగుళ్లకు మొగ్గలు పుట్టుకొస్తాయి.

## ఈ జాబితాలో మన ఇళ్లకు నప్పేవి

ఈ గడియారాలు తెలిస్తే ఏది పెరుగుతుందో ఊహించడం కష్టం కాదు. స్నోడ్రాప్, ప్రిమ్‌రోజ్, లిల్లీ ఆఫ్ ద వ్యాలీ మైదానాల్లో బతకవు. గులాబి, చామంతి, బంతి, కలువ, కాస్మాస్ మనకు అలవాటైనవే. కలువకు వెడల్పాటి తొట్టి, రోజుకు ఐదారు గంటల ఎండ చాలు. లార్క్‌స్పర్, స్వీట్ పీ, కాలెండులా అక్టోబరులో గింజలు వేస్తే మన చలికాలంలోనే పూస్తాయి. జులై పువ్వు ఇక్కడ జనవరిలో పూస్తుందన్నమాట. గ్లాడియోలస్ దుంప నాటిన మూడు నెలల లోపు కంకి వేస్తుంది.

నార్సిసస్‌లలో పేపర్‌వైట్ అనే తెల్ల రకానికి చలి అక్కర్లేదు. గాజు గిన్నెలో గులకరాళ్లు పోసి, దుంప అడుగు తడిసేంత నీరు ఉంచితే మట్టి లేకుండానే నాలుగు నుంచి ఆరు వారాల్లో పూస్తుంది. నీరు దుంప మధ్య దాకా ఎక్కితే కుళ్లుతుంది.

కోసిన పూలను గాజు కూజాలో పెట్టినప్పుడు త్వరగా వాడిపోవడానికి ముఖ్య కారణం నీటిలో పెరిగే బాక్టీరియా. అవి కాడలోని సన్నని గొట్టాలను పూడ్చేస్తాయి. నీరు మార్చినప్పుడల్లా కాడ చివర కాస్త కత్తిరిస్తే గొట్టాలు తెరుచుకుంటాయి, మునిగిన ఆకులు తీసేస్తే కుళ్లు తగ్గుతుంది. గ్లాడియోలస్ కంకి కింది నుంచి పైకి విచ్చుకుంటుంది కనుక అడుగున రెండు మూడు మొగ్గలు రంగు చూపుతున్నప్పుడు కొంటే వారం వస్తుంది. కార్నేషన్ రెండు వారాలైనా నిలుస్తుంది, కానీ పక్కనే పళ్లబుట్ట ఉంటే ఎథిలీన్ దాన్నీ ముడిచేస్తుంది. డాఫొడిల్ కాడ నుంచి కారే జిగురు అదే కూజాలోని ఇతర పూలను చెడగొడుతుంది. దానికి వేరే కూజా కావాలి.

ఈ జాబితాలో విషపు మొక్కలు తక్కువేమీ కాదన్నది అందమైన బొమ్మల మధ్య మరుగున పడిపోతోంది. లిల్లీ ఆఫ్ ద వ్యాలీలో గుండె లయను దెబ్బతీసే పదార్థాలున్నాయి. లార్క్‌స్పర్ మొక్క అంతా విషమే. మార్నింగ్ గ్లోరీ గింజలు ప్రమాదకరం. డాఫొడిల్, నార్సిసస్ దుంపలు ఉల్లిపాయల్లా ఉండి వంటింట్లో పొరపాటుకు దారితీస్తాయి. పెరట్లో గన్నేరు ఉన్న ఇళ్లలో పిల్లలను ఎలా కనిపెట్టుకుని ఉంటామో ఇక్కడా అంతే జాగ్రత్త అవసరం.

## మన నెలలకు మన పూలు

ఈ మోజును కొందరు ఇష్టపడరు. ఇంగ్లండు వాతావరణాన్ని మన పిల్లల మెడలో వేలాడదీయడం ఎందుకు, ఇదంతా బహుమతుల వ్యాపారం కదా అని వారి ప్రశ్న. ఆ ప్రశ్నలో బలముంది. అవతలివారి మాటకూ విలువుంది. పరాయి పువ్వు ఎప్పటికీ పరాయిగా ఉండిపోదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన బంతి లేకుండా మన ఏ పండుగ జరుగుతోంది? ప్రేమగా ఇచ్చినవారు ఏ భావంతో ఇచ్చారో అదే ఆ పువ్వుకు అర్థం అంటారు వారు.

మూడో దారిలో వెళ్లేవారు తెలుగు నెలలకు సొంత జాబితా కడుతున్నారు. దానికి సరంజామా మన దగ్గర పుష్కలంగా ఉంది. చైత్రానికి ఉగాది పచ్చడిలో వేపపువ్వు. వైశాఖానికి మల్లె. వానలు పడ్డాక మొగలి. భాద్రపద అమావాస్య నుంచి తొమ్మిది రోజులు బతుకమ్మను పేర్చే తంగేడు, గునుగు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. కార్తీకానికి చామంతి. పుష్యానికి గుమ్మడి పువ్వు. ఫాల్గుణంలో ఆకులన్నీ రాలిన కొమ్మల మీద నిప్పులా పూసి, హోలీకి రంగునిచ్చే మోదుగ. ఈ వరుసంటే నాకు ప్రాణం, ఎందుకంటే ఇందులో ప్రతి పువ్వునూ ఆ నెలలో గుమ్మం దాటి వెళ్లి చూడవచ్చు.

ఇందులోనూ చిక్కులున్నాయి. చాంద్రమాసాలు ఇంగ్లీషు నెలలతో కలిసి నడవవు. ఒకే అక్టోబరు 10 ఒక ఏడాది ఆశ్వయుజంలో పడితే మరో ఏడాది భాద్రపదంలో పడుతుంది. 2023లో లాగా అధిక శ్రావణం వస్తే శ్రావణాలు రెండు. అసలు పుట్టుకకు మొక్కను ముడిపెట్టే పద్ధతి మనకు ఇప్పటికే ఉంది, కాకపోతే అది నెలతో కాదు, నక్షత్రంతో. రోహిణికి నేరేడు, కృత్తికకు మేడి, పుష్యమికి రావి. ఆలయాల దగ్గర నక్షత్రవనాల్లో ఈ ఇరవై ఏడు చెట్లనూ నాటుతున్నారు. విదేశాల్లో ఉన్నవారికి మరో ఇబ్బంది. డల్లాస్‌లో తంగేడు దొరకక దుకాణపు చామంతులతో బతుకమ్మను పేరుస్తారు. మెల్‌బోర్న్‌లో అదే పండుగ వసంతకాలంలో వస్తుంది.

లాకెట్టు సంగతి ఇలా తేలింది. హాలీ, నార్సిసస్, పాయిన్‌సెట్టియా మూడింటి కథలూ అక్క కూతురికి చెప్పాను. విన్నాక వాళ్లమ్మను పిలిచి, "నేను పుట్టినప్పుడు మన ఇంటి ముందు ఏ పువ్వు ఉంది?" అని అడిగింది. అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ధనుర్మాసం మొదలై నాలుగైదు రోజులైందని, ఆసుపత్రికి బయలుదేరుతూ దాటిన ముగ్గులో గొబ్బెమ్మ నెత్తిన గుమ్మడి పువ్వు ఉందని చెప్పింది. మరునాడు ముగ్గురం నగల దుకాణానికి వెళ్లాం. గుమ్మడి పువ్వు ఇంతవరకు ఎవరూ చెక్కించుకోలేదని ఆచారి ఆశ్చర్యపోయాడు. తరువాత బిల్లు పుస్తకం తిరగేసి, వెనుక అట్ట మీద పెన్సిలుతో ఐదు కొసలున్న గంట ఆకారం గీసి, "ఇలాగేనా అమ్మా?" అని అక్కను అడిగాడు.